ఐహైమ్ 1262 రిటర్న్ పంపు, దాని చుట్టూ పైపులు: మా ఆరడుగుల చేపల ట్యాంకు అనుభవం

పంపు సంగతి ముందే చెప్పేస్తాను. ఐహైమ్ కంపెనీ 1262 మా హాల్లో ఆరడుగుల చేపల ట్యాంకు కింద, ఫిల్టర్‌లోకి దిగిన నీళ్లని మళ్లీ పైకి పంపుతూ ఏడాదికి పైగా రాత్రీ పగలూ తిరుగుతోంది. ఇప్పుడు దీన్నే యూనివర్సల్ 3400 అనే పేరుతో అమ్ముతున్నారు. చప్పుడు లేదు, మొరాయించింది లేదు, ఆగిన ప్రతిసారీ దానంతట అదే మళ్లీ మొదలైంది. పెట్టిన డబ్బుకి నాకు పూర్తి తృప్తి ఉంది. అయినా తెలిసినవాళ్లు ఎవరైనా ఫోన్ చేసి "ఏ పంపు కొనమంటావ్?" అంటే వెంటనే పేరు చెప్పను. "నీ డ్రెయిన్ పైపు సైజెంత? నీళ్లు ఎంత ఎత్తుకి ఎక్కాలి?" అని అడుగుతాను. పెద్ద ట్యాంకు కట్టించుకునేవాళ్లు పంపుని అన్నిటికంటే చివర కొనాలి. ముందు గ్లాసుకి రంధ్రాలు, తర్వాత పైపులు, వాటిని బట్టి పంపు. ఈ రివ్యూలో పంపు కంటే పైపుల సంగతే ఎక్కువ ఉండటానికి కారణం అదే.

మా ట్యాంకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, 12 ఎంఎం గ్లాసు. కాగితం మీద 680 లీటర్లు. అంచు దాకా నింపం, లోపల రాళ్లున్నాయి, అందువల్ల నిజంగా ఉండేది 600 లీటర్ల దగ్గర. చేపలు మలావి సిక్లిడ్లు: ఎల్లో ల్యాబ్‌లు, డెమసోనీలు, ఇంకో రెండు మూడు రకాలు. వనస్థలిపురంలో మా బోరు నీళ్లు బకెట్ల మీద తెల్లటి పొర కట్టేంత హార్డ్ వాటర్. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలకి కావాల్సింది అలాంటి నీళ్లే, పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య. మేం తాగలేని నీళ్లలో ఇవి హాయిగా పిల్లల్ని పెడుతున్నాయి. కాకపోతే అదే నీళ్లు పంపుకి శత్రువు. ఆ విషయానికి తర్వాత వస్తాను.

స్టాండు లోపల నాలుగడుగుల సంపు ఉంది (నేల కింద నీళ్ల సంపు కాదు, ఫిల్టర్ సామాను పెట్టే గ్లాసు తొట్టి). ట్యాంకు మూలలో గ్లాసుతో కట్టిన ఓవర్‌ఫ్లో బాక్సులోంచి నీళ్లు సంపులోకి దిగుతాయి. అక్కడ ఫిల్టర్ సాక్సు, స్పాంజి, సిరామిక్ రింగులు దాటుకుని చివరి గదిలోకి వస్తాయి. అక్కడి నుంచి వాటిని మళ్లీ పైకి పంపేదే రిటర్న్ పంపు. ఇది ఆగితే పైన నీళ్లు పూర్తిగా పోవు, కానీ సంపులో ప్రవాహం ఆగిపోతుంది. ఆ స్పాంజి, రింగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. గంటల తరబడి అలాగే ఉంటే బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది, అమ్మోనియా పెరుగుతుంది. అందుకే ఈ పంపు విషయంలో "రాత్రి పూట ఆపేద్దాం" అనే మాటకి తావు లేదు.

ఆ మాట మా ఇంట్లో రోజూ వినపడేది. మోకాళ్ల నొప్పులతో అమ్మ మేడ ఎక్కలేదు. పడక హాల్లోనే, ట్యాంకుకి నాలుగడుగుల దూరంలో. ట్యాంకుతో పాటు షాపువాళ్లు అమర్చి ఇచ్చిన పాత పంపు గంటకి 6,000 లీటర్లదని డబ్బా మీద ఉండేది. అది తిరుగుతుంటే స్టాండు చెక్క కూడా కలిసి ఊగేది. దానికి తోడు డ్రెయిన్ గుడగుడలు. "ఒరేయ్, ఆ మోతకి కన్ను మూతపడట్లేదురా, పొద్దుపోయాకైనా ఆపెయ్యరాదూ" అనేది అమ్మ. కాబట్టి కొత్త పంపు వెతికేటప్పుడు నా మొదటి షరతు నిశ్శబ్దం. లీటర్లు ఆ తర్వాత.

డబ్బా మీద లీటర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే తప్పటడుగు వేస్తున్నారు. డబ్బా మీద రాసే అంకె నీళ్లని పైకి ఎత్తే పని ఏమీ లేనప్పటిది. అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో కుళాయి జోరుగా వచ్చి పై అంతస్తులో సన్నగా వచ్చినట్టే, ఎత్తు పెరిగే కొద్దీ పంపు ఇచ్చే నీళ్లు తగ్గిపోతాయి. 1262కి కంపెనీ చెప్పే లెక్క గంటకి 3,400 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 3.6 మీటర్లు. అంటే 3.6 మీటర్ల దగ్గర చుక్క కూడా రాదు, సున్నా ఎత్తులో 3,400 వస్తాయి. మనకి కావాల్సింది ఆ రెండిటి మధ్య ఎక్కడో ఉంటుంది. పేరున్న కంపెనీలు దీనికోసం ఒక గ్రాఫ్ ఇస్తాయి. ఆ గ్రాఫ్ ఇవ్వని పంపుని నేను కొనను.

ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలో కూడా చాలామంది పొరబడుతుంటారు. పంపు ఎంత లోతులో ఉందన్నది లెక్క కాదు. సంపులో నీటిమట్టం నుంచి రిటర్న్ పైపు ఎక్కే అత్యంత ఎత్తైన చోటు దాకా కొలవాలి. మా స్టాండు 30 ఇంచులు, దాని మీద ట్యాంకు 24 ఇంచులు, పైపు అంచు దాటి లోపలికి వంగే చోటు నేల నుంచి 55 ఇంచులు. సంపులో నీళ్లు 10 ఇంచుల మట్టంలో ఉంటాయి. కాబట్టి నిజమైన ఎత్తు 45 ఇంచులు, మీటరుకి కాస్త ఎక్కువ. దీనికి పైపులో రాపిడి కలుపుకోవాలి. రాపిడి ఎంతన్నది పూర్తిగా పైపు సైజు, వంపుల మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడే మా ప్లంబర్‌తో చిన్న వాదన నడిచింది. మంచి పనిమంతుడు, మా ఇంటి బాత్రూమ్‌లన్నీ ఆయన చేతి పనే. "సార్, ముప్పావు పైపు చాలు, ప్రెషర్ బాగుంటది" అన్నాడు. బాత్రూమ్ కుళాయికి ఆ మాట సరిపోతుంది, ఎందుకంటే పై ట్యాంకులో ప్రెషర్ మనకి ఉచితంగా వస్తుంది. ఇక్కడ ప్రతి బొట్టునీ పంపు కరెంటు తిని ఎత్తుతోంది. "అన్నా, మనకి ప్రెషర్ వద్దు, నీళ్లు కావాలి" అని చెప్పి ఇంచు పైపే వేయించాను. అవే నీళ్లు ముప్పావు బదులు ఇంచు పైపులో వెళితే రాపిడి దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. పంపు మూతి దగ్గర సన్నగా ఉన్నా సరే, అక్కడి నుంచి వెంటనే ఇంచుకి పెంచేయాలి. పైకి వెళ్లాక టీ (T) జాయింటు పెట్టి రెండు ముప్పావు నాజిల్స్‌గా చీల్చాం, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి.

వంపులు కూడా అంతే. ఒక్క ఇంచు ఎల్బో రెండు రెండున్నర అడుగుల తిన్నని పైపు పెట్టేంత రాపిడి పెడుతుంది. స్టాండు లోపల ఇరుకులో అయిదారు ఎల్బోలు అలవోకగా పడిపోతాయి. మేం కూర్చుని కాగితం మీద గీసుకుని రెండింటికి తగ్గించాం. 90 డిగ్రీల ఎల్బో తప్పని చోట రెండు 45 డిగ్రీలవి కలిపి వాడాం. నీళ్లు మెత్తగా తిరుగుతాయి, చప్పుడూ తగ్గుతుంది.

సామాను కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. పైపులు, వాల్వులు, ఫిట్టింగులు ఒకేచోట కావాలంటే అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. తెల్లటి యూపీవీసీ పైపు, క్రీమ్ రంగు సీపీవీసీ పైపు, పొలాలకి వేసే మిల్లీమీటర్ల పీవీసీ పైపు, మూడూ మూడు కొలతలు. దేని ఫిట్టింగులు దానికే. ఇంకో సంగతి, "ఇంచు పైపు" అని రెండూ ఒకే పేరుతో అమ్మినా సీపీవీసీ లోపలి సందు యూపీవీసీ కంటే తక్కువ. షెడ్యూల్ 40 (పైపు మందానికి పెట్టిన ఒక గ్రేడు) తెల్ల పైపు లోపల 26 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటే, సీపీవీసీలో 23 దగ్గరే ఆగిపోతుంది. సీపీవీసీ వేడి నీళ్ల కోసం చేసింది. ట్యాంకుకి దాని అవసరం లేదు, ధర కూడా ఎక్కువ. తెల్ల యూపీవీసీ తీసుకోండి, అతికించే సొల్యూషన్ కూడా యూపీవీసీదే అడగండి.

ఇత్తడి దగ్గర గట్టిగా ఉండాలి. గేట్ వాల్వ్ అడిగితే చాలా షాపుల్లో చెయ్యి ముందు ఇత్తడి దాని మీదకే వెళుతుంది. మర ఉన్న అడాప్టర్లలో కూడా లోపల ఇత్తడి ముక్క బిగించి ఉంటుంది. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి నీళ్లలో కలిస్తే రొయ్యలు, నత్తలు బతకవు. సముద్రపు ట్యాంకులో అయితే ఉప్పు నీళ్లకి ఇంకా తొందరగా కరుగుతుంది. ఈ రోజు చేపలే ఉన్నాయనుకున్నా, అదే ప్లంబింగ్‌తో రేపు ఇంకేదైనా పెంచాలనిపించొచ్చు. ప్లాస్టిక్ గేట్ వాల్వ్ కావాలని అడిగి, లేదంటే తెప్పించమని చెప్పి, ఆగి తీసుకున్నాను.

గేట్ వాల్వే ఎందుకంటే, అది డ్రెయిన్ కోసం. చప్పుడు మొత్తం అక్కడే పుడుతుంది. పంపు ఎంత మెత్తగా తిరిగినా, దిగే నీళ్లు గాలిని లాక్కుంటూ దిగితే ఆ గుడగుడ ఆగదు. పెంపకందారులు మామూలుగా వేసుకునే లెక్క ప్రకారం గాలితో కలిసి దిగే ఇంచు డ్రెయిన్ గంటకి 2,200 లీటర్ల దాకా మోస్తుంది, ఇంచున్నరది 5,000 దాకా. మా పాత అమరికలో ఒక్క ఇంచు డ్రెయిన్ మీద గంటకి 6,000 లీటర్ల పంపు కూర్చోబెట్టారు. ఎత్తు మూలంగా సగం తగ్గినా ఇంకా ఎక్కువే. ఓవర్‌ఫ్లో బాక్సులో నీళ్లు నిండటం, ఒక్కసారిగా లాగేయడం, మళ్లీ నిండటం. అమ్మకి రాత్రంతా వినిపించింది అదే. అది పూర్తిగా సైజుల పొంతన కుదరని గొడవ. అక్కడ ఎంత ఖరీదైన పంపు పెట్టినా ఆ మోత ఉండేది.

ఈసారి హెర్బీ పద్ధతి వేశాం. రెండు డ్రెయిన్లు. ఇంచుంపావుది ఒకటి ఎప్పుడూ నీళ్ల కిందే మునిగి ఉంటుంది, కింద గేట్ వాల్వ్. రెండోది ఇంచున్నర, మొదటిదాని కంటే ఎత్తుగా నిలబెట్టిన ఖాళీ పైపు, దానికి వాల్వ్ ఉండకూడదు. మొదటిదాంట్లో ఆకో, నత్తో అడ్డుపడితే నీళ్లు రెండోదాంట్లోంచి దిగిపోతాయి, హాలు తడవదు. వాల్వ్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ పోవాలి. మొదట గాలి బుడగలతో గరగరమంటుంది. ఇంకాస్త మూస్తే బాక్సులో మట్టం మెల్లగా పైకొస్తుంది. పైపులో గాలి మొత్తం బయటికి పోయే దాకా ఒక నిమిషం చప్పుడు పెరుగుతుంది కూడా, కంగారు పడొద్దు. తర్వాత ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. నీళ్లు దిగుతున్నాయా లేదా అని సంపులోకి తొంగి చూడాల్సి వస్తుంది. ఈ సన్నటి సర్దుబాటు బాల్ వాల్వ్‌తో కుదరడం కష్టం, పావు మలుపులోనే మొత్తం తెరుచుకుని మూసుకుంటుంది. ఇంకా భద్రత కావాలంటే మూడు పైపుల బీన్ యానిమల్ పద్ధతి ఉంది. పై అంతస్తులో ట్యాంకు పెట్టుకునేవాళ్లు, తరచూ ఊరెళ్లేవాళ్లు అది వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

రంధ్రాల గురించి ఒక్క ముక్క. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గ్లాసుకి డ్రిల్లు తగిలితే మొత్తం పొడి పొడి అవుతుంది, కాబట్టి రంధ్రం వేసే పలక మామూలు ఫ్లోట్ గ్లాసేనని ట్యాంకు కట్టేవాళ్లతో ముందే ఖరారు చేసుకోండి. ట్యాంక్ నిపుల్స్ (రంధ్రంలో బిగించి పైపు కలిపే ఫిట్టింగులు) ముందు కొని, వాటి మర కొలిచి, ఆ కొలతకి రంధ్రం వేయించండి. ఒక్కో కంపెనీ నిపుల్ ఒక్కో లావు ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో కూర్చుని లెక్కేయకుండా ఏ పంపూ పెట్టకండి. పంపు ఆగగానే రిటర్న్ నాజిల్ సైఫన్‌గా మారి నీళ్లని వెనక్కి సంపులోకి లాగుతుంది. మా ట్యాంకు పైభాగం పన్నెండు చదరపు అడుగులు. అంటే ఒక్క ఇంచు నీళ్లు దిగితే 28 లీటర్లు. నాజిల్ అయిదు ఇంచుల లోతులో ఉంటే 140 లీటర్లు కిందకి వస్తాయి. సంపు నాలుగడుగుల పొడవు, 15 ఇంచుల వెడల్పు, 16 ఇంచుల ఎత్తు. దాంట్లో ఇంచుకి పట్టేది సుమారు 12 లీటర్లు. 140 లీటర్లకి మట్టం 12 ఇంచులు పెరగాలి, పైన ఖాళీ ఉన్నదేమో ఆరే. మిగిలిందంతా హాల్లోకే.

అందుకే నాజిల్ పైపుకి నీటిమట్టం నుంచి ఒక ఇంచు కింద అయిదు మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాం. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. బాక్సులోంచి, పైపులోంచి దిగేవి కలుపుకున్నా 40 లీటర్ల లోపే, సంపులో మూడున్నర ఇంచుల పెరుగుదల. పంపు ఆపి, టేపు పెట్టి కొలిచి చూశాకే ట్యాంకులో చేపలు వదిలాను. ఆ రంధ్రంలో నాచు పెరుగుతుంది, గ్లాసు తుడిచే రోజు టూత్‌పిక్‌తో పొడవాలి. ఎన్‌ఆర్‌వీ (నీళ్లని వెనక్కి రానివ్వని వాల్వ్) పెడితే సరిపోతుందని కొందరంటారు. ఎన్‌ఆర్‌వీ తలుపు మధ్యలో సున్నం గడ్డో, స్పాంజి పీచో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. మా బోరు నీళ్లకి అయితే దాన్ని అస్సలు నమ్మలేను. రంధ్రం ఉన్నాక ఎన్‌ఆర్‌వీ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటే.

ఇవన్నీ తేలాక పంపు ఎంచుకోవడం చాలా తేలికైంది. గాలి లేకుండా నిండుగా దిగే ఇంచుంపావు డ్రెయిన్ సులువుగా మోయగలిగేది, మీటరు పైచిలుకు ఎత్తులో గంటకి రెండున్నర వేల లీటర్ల దగ్గర ఇచ్చేది, చప్పుడు చేయనిది. సంపు గుండా గంటకి నాలుగైదు సార్లు నీళ్లు తిరిగితే మంచినీటి చేపలకి సరిపోతుంది. పది సార్లు తిరగాలన్న పాత సూత్రాన్ని పట్టుకుని పెద్ద పంపులు కొనేస్తుంటారు. ట్యాంకు లోపల అలజడి కావాలంటే వేవ్‌మేకర్ (ట్యాంకు లోపలే నీళ్లని కదిపే చిన్న పంపు) పెట్టుకోవడం చవక, నీళ్లని నాలుగడుగులు ఎత్తి పారబోయడం కంటే చాలా తక్కువ కరెంటు.

1262 చేతిలోకి తీసుకుంటే ముందు బరువు తెలుస్తుంది. మోటారు కాయిల్ మొత్తం ఎపాక్సీలో పోతపోసి ఉంటుంది. ముందు మూత తీస్తే ఇంపెల్లర్ (నీళ్లని నెట్టే రెక్కల చక్రం), దాని మధ్యలోంచి తెల్లటి సిరామిక్ షాఫ్ట్ (ఇరుసు). తుప్పు పట్టే లోహం నీళ్లకి తగలదు కాబట్టి సముద్రపు ట్యాంకులో కూడా వాడొచ్చు. ఇంపెల్లర్‌ని వేలితో తిప్పితే అయస్కాంతం మెల్లగా పట్టి వదులుతున్నట్టు తెలుస్తుంది, పక్కలకి ఊగదు. పాత పంపులో షాఫ్ట్ అరిగి అటూ ఇటూ కొట్టుకునేది, స్టాండు మోగడానికి కారణం ఆ ఊపే.

ఈ పంపులో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన గుణం, నీళ్లలో ముంచి వాడొచ్చు, సంపు బయట పొడిగానూ పెట్టొచ్చు. హైదరాబాద్ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. 80 వాట్ల పంపు నీళ్లలో మునిగి ఉంటే దాని వేడి మొత్తం నీళ్లకే. మే నెలలో హాల్లోనే 35 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ ఒక్కటిన్నర డిగ్రీ తేడాకే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకని సంపు పక్క గ్లాసుకి ట్యాంక్ నిపుల్ వేసి పంపుని బయట పెట్టాం. బయట పెడితే మరవకూడని సంగతి, ఈ పంపు తనంతట తాను నీళ్లు లాక్కోలేదు. సంపు నీటిమట్టం కంటే కింద ఉండాలి, నీళ్లు దానిలోకి వాటంతట అవే నిండాలి. రెండు వైపులా ఒక్కో యూనియన్ (చేత్తో విప్పుకునే జాయింటు), ఒక్కో బాల్ వాల్వ్. శుభ్రం చేయాలంటే రెండు వాల్వులు మూసి, యూనియన్లు విప్పి, పంపుని చేత్తో తీసుకెళ్లిపోవడమే. యూనియన్లకి కక్కుర్తి పడితే తర్వాత హ్యాక్సా బ్లేడు పట్టుకోవాల్సి వస్తుంది.

పంపు మూతికి పీవీసీని నేరుగా బిగించలేదు. రెండు వైపులా జానెడు మెత్తటి సిలికాన్ హోస్, స్టీలు క్లిప్పులు. పంపు కింద మందపాటి స్పాంజి ముక్క. వణుకు పైపులకి ఎక్కదు, పైపుల నుంచి స్టాండుకి, గ్లాసుకి చేరదు. ఈ జానెడు హోస్ ధర వందల్లో ఉంటుంది, నిశ్శబ్దంలో దాని వాటా పంపు వాటాతో సమానమని నేను గట్టిగా నమ్ముతున్నాను. సొల్యూషన్ పెట్టాక ఒక రోజంతా ఆరనిచ్చి, ఉత్త నీళ్లతో నడిపి, ప్రతి కీలు కింద టిష్యూ కాగితం పరిచి చూశాం. చెమ్మ కనిపించలేదు.

ఎంత నీళ్లు ఇస్తోందో బకెట్‌తో కొలిచాను. నాజిల్స్ తీసేసి, పైపు చివర అదే ఎత్తులో 20 లీటర్ల బకెట్ పట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్. 30 సెకన్లలో నిండింది. నిమిషానికి 40 లీటర్లు, గంటకి 2,400. 600 లీటర్లకి నాలుగు సార్లు. 3,400 అని రాసిన పంపు ఇంత ఎత్తులో ఇంత ఇవ్వడం నిజాయితీగల లెక్క.

ఇక ఇబ్బందులు. మొదటిది కరెంటు. 80 వాట్లు రోజంతా అంటే నెలకి 58 యూనిట్ల దగ్గర. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకుంటే నెలకి 460 రూపాయలు ఈ ఒక్క పంపుకే. ఇదే పని చేసే డీసీ పంపులు అందులో సగంతో నడుస్తాయి. రెండోది, స్పీడు తగ్గించే వీలు లేదు. తగ్గించాలంటే ప్రెషర్ వైపు వాల్వ్ మూయాలి (లాగే వైపు వాల్వ్‌ని సగం మూసి నడపకండి, పంపు పాడవుతుంది). మూడోది ధర. బజార్లో దొరికే మామూలు సబ్‌మెర్సిబుల్‌తో పోలిస్తే చాలా రెట్లు. నెల జీతం మీద ఆధారపడిన ఇంట్లో అది ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయమే. నేను వేసుకున్న లెక్క, రెండేళ్లకొకటి మార్చే పంపు, దాంతో పాటు అది ఆగిన రోజు పోయే చేపలు. ఆ చేపల్ని నేను వేలెడంత పిల్లల నుంచి పెంచాను.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు అది సైన్ వేవ్‌దేనా అని చూసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇలాంటి ఏసీ పంపులు గుయ్యిమని మోగుతాయి, వేడెక్కుతాయి. మాది సైన్ వేవ్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. ఫ్యాన్లతో పాటు పంపుని కూడా దాని మీదే వేశాం, కరెంటు మారిన సంగతి కూడా తెలియదు.

సున్నం విషయం చెబుతానన్నాను. హార్డ్ వాటర్‌లో ఇంపెల్లర్ మీద, అది కూర్చునే గుంతలో తెల్లటి పొర పేరుకుంటుంది. పొర మందమైతే సందు తగ్గి, నడుస్తున్నంతసేపు బాగానే నడిచి, ఒకసారి ఆగితే మళ్లీ కదలదు. పంపులు ఎక్కువగా కరెంటు పోయి వచ్చినప్పుడే చచ్చిపోతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. రెండు మూడు నెలలకోసారి విప్పి, ఇంపెల్లర్‌ని, మూతని గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెడతాను. పొర మెత్తబడి పాత టూత్‌బ్రష్‌కి వచ్చేస్తుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. షాఫ్ట్ సిరామిక్ కదా, గట్టిది, కానీ కింద పడితే పుటుక్కున విరుగుతుంది. సింకులో కాకుండా గిన్నె కింద గుడ్డ పరిచి చేసుకోండి.

సంపు చివరి గది మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఆవిరైన నీళ్ల లోటు మొత్తం ఆ గదిలోనే కనిపిస్తుంది, మిగతా గదుల మట్టాన్ని గ్లాసు అడ్డుకట్టలు నిలిపి ఉంచుతాయి. మా గది ఒక అడుగు పొడవు, 15 ఇంచుల వెడల్పు, ఒక ఇంచు మట్టానికి మూడు లీటర్లు. ఎండాకాలంలో రోజుకి ఆరు లీటర్లు ఆవిరైతే రెండించులు తగ్గినట్టు. రెండు రోజులు పట్టించుకోకపోతే పంపు గాలి లాగుతుంది, ట్యాంకంతా సన్నటి బుడగలు. మట్టం తగ్గగానే నీళ్లు దానంతట అదే నింపే, ఫ్లోట్ ఉన్న ఆటో టాప్‌అప్ పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

మరి ఎవరు ఏది కొనాలి? నాలుగడుగుల నుంచి ఆరడుగుల మంచినీటి ట్యాంకు, ఎత్తు మీటరు నుంచి మీటరున్నర, పడకలకి దగ్గరగా ట్యాంకు, ఒకసారి పెట్టి మర్చిపోవాలి అనుకుంటే 1262. ఇటలీ వాళ్ల సిచే సింక్రా కూడా ఇదే తరహా, ముంచి గానీ బయట గానీ వాడొచ్చు, నా స్నేహితుడి ఇంట్లో అది కూడా అంతే నిశ్శబ్దంగా ఉంది. ఎనిమిదడుగుల ట్యాంకు, సముద్రపు ట్యాంకు, డ్రెయిన్‌కి తగ్గట్టు స్పీడు మార్చుకోవాలి, కరెంటు బిల్లు ముఖ్యం అనుకునేవాళ్లు జెబావో డీసీపీ లాంటి డీసీ పంపులు చూడండి. వాటికి కంట్రోలర్ ఉంటుంది, మేత వేసేటప్పుడు కాసేపు ఆపే బటన్ కూడా ఉంటుంది. తక్కువ వోల్టుల డీసీ మీద నడుస్తాయి కాబట్టి బ్యాటరీ బ్యాకప్ కూడా తేలిక. కాకపోతే అడాప్టర్, కంట్రోలర్ అని పాడవడానికి ఇంకో రెండు వస్తువులు ఎక్కువ, అవి సంపు తేమకి దూరంగా, ఎత్తులో బిగించాలి. వైర్లన్నీ కిందకి ఒక వంపు తిరిగి ప్లగ్గులోకి వెళ్లేలా చూడండి, చుక్క జారినా స్విచ్‌బోర్డు దాకా పోదు.

ఏది కొన్నా ఇంపెల్లర్, షాఫ్ట్ స్పేర్‌గా ఒక జత అదే రోజు తీసుకోండి. ఇక్కడ అవి అడిగిన రోజే దొరకవు. మావి ఒక జిప్ కవర్‌లో వేసి, మోడల్ నంబర్ మార్కర్‌తో రాసి, స్టాండు తలుపు లోపలి వైపు అంటించి ఉంచాను.